ఒప్పుకోని పాఠకుడి కోసం రాసే వ్యాసం

"బడి సంచీ బరువు తగ్గించాలి" అన్న అంశం మీద హైస్కూలు పిల్లలకు వ్యాసరచన పోటీ పెడితే, చాలా కాగితాలు ఒకే తీరుగా మొదలవుతాయి. "నేటి ఆధునిక యుగంలో విద్య యొక్క ప్రాముఖ్యత ఎంతైనా ఉంది. నేటి బాలలే రేపటి పౌరులు." ఆ తర్వాత బరువు వల్ల కలిగే నష్టాలు నాలుగు, మధ్యలో ఒక వేమన పద్యం వస్తాయి. చివరికి "కావున ప్రభుత్వము, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసికట్టుగా కృషి చేయవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది" అని ముగుస్తుంది. అక్షరదోషాలు ఉండవు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. బహుమతి కూడా రావచ్చు. కానీ ఆ వ్యాసం చదివిన ప్రధానోపాధ్యాయుడు మర్నాడు ఒక్క పుస్తకం కూడా తగ్గించడు. తగ్గించమని ఆయనను ఎవరూ అడగలేదు. ఆయన కాదనగలిగిన మాట ఒక్కటీ అందులో లేదు.

ఈ తప్పు పిల్లలది కాదు. మన బడుల్లో వ్యాసం అనగానే నేర్పేది ఒకే మూస: ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు. "వార్తాపత్రికలు - ఉపయోగాలు", "గ్రంథాలయాలు" లాంటి అంశాలకు ఆ మూస బాగానే సరిపోతుంది. అక్కడ పాఠకుడికి తెలియని విషయం చెప్పడమే పని. ఒప్పించే వ్యాసంలో పని వేరు. ఇక్కడి పాఠకుడికి విషయం తెలుసు, చాలాసార్లు రాసేవాడి కంటే ఎక్కువే తెలుసు. తెలిసీ ఒప్పుకోవడం లేదు. అతడు ఎందుకు ఒప్పుకోవడం లేదో కనిపెట్టడం దగ్గర వ్యాసం మొదలుకావాలి. ఈ ఒక్క తేడా పట్టుబడితే మిగిలిన మెలకువలు చాలావరకు వాటంతట అవే వస్తాయి.

ఎదుటివారి నేల మీద నిలబడి

తెలుగువారి చరిత్రలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. వితంతు వివాహాన్ని చట్టబద్ధం చేస్తూ 1856లోనే చట్టం వచ్చింది. అయినా రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు గడిచాయి. చట్టం అనుమతి ఇచ్చింది కానీ మనుషులను ఒప్పించలేదు. ఆ పని మాటతో జరగాల్సి వచ్చింది.

వీరేశలింగం 1879లో ఈ విషయం మీద బహిరంగంగా ఉపన్యసించినప్పుడు ఎదుట ఉన్నది శాస్త్రాన్ని నమ్మే సమాజం. బాల్య వితంతువుల దుఃఖాన్ని కళ్లారా చూసినవాడు దయ గురించి మాట్లాడి ఊరుకోవచ్చు. కానీ దయ లేక కాదు వాళ్లు అడ్డుపడుతున్నది. శాస్త్రం ఒప్పుకోదన్న భయం వాళ్లది. అందుకే అంతకుముందు బెంగాల్‌లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ నడిచిన దారిలోనే ఆయన పరాశర స్మృతిని ముందుకు తెచ్చారు. భర్త కనిపించకుండా పోయినా, మరణించినా, సన్యసించినా స్త్రీకి మరో భర్తను అనుమతించే శ్లోకం అందులో ఉంది. పైగా పరాశర స్మృతి కలియుగానికి చెప్పిన ధర్మమని సంప్రదాయమే అంటుంది. అంటే ప్రత్యర్థి కాలూనిన నేల మీదనే నిలబడి, ఆ నేల తన వాదాన్నీ మోస్తుందని చూపించారు. అందరూ ఒప్పుకోలేదు. ఘోరమైన వ్యతిరేకత వచ్చింది. అయినా వాదించడానికి వచ్చిన పండితుడు "ఇది మాకు సంబంధించని మాట" అని తోసిపుచ్చలేకపోయాడు. శ్లోకానికి అర్థం చెప్పి తీరాల్సి వచ్చింది.

గిడుగు రామమూర్తి చేసిందీ ఇదే. 1910ల నాటి గ్రాంథిక, వ్యావహారిక వివాదంలో ఒక ప్రధానాంశం స్కూల్ ఫైనల్ విద్యార్థులు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నదే. వ్యావహారికం సులువు కాబట్టి కావాలని మాత్రమే ఆయన అని ఉంటే, సులువు కోసం భాషను పాడుచేస్తారా అని ఒక్క మాటతో కొట్టిపారేసేవారు. ఆయన పూర్వుల వచన రచనలు తవ్వి, వాడుక రూపాలు అప్పటి నుంచీ ఉన్నాయని చూపారు. గ్రాంథికం తప్ప కూడదన్న పండితుల సొంత రచనల్లోంచే వ్యాకరణ దోషాలు ఏరి ముందు పెట్టారు. ప్రమాణం వాళ్లది, సాక్ష్యమూ వాళ్లదే. ఎక్కువగా గ్రాంథికంలోనే రాసిన వీరేశలింగమే 1919లో వ్యావహారిక భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షత వహించారు. ఇతరులను ఒప్పించడమే పనిగా బతికిన మనిషి, చివరి రోజుల్లో తాను ఒప్పుకోవడానికీ సిద్ధపడ్డారు.

బడి సంచీ సంగతికి వస్తే, 1856 నాటి చట్టం లాంటిది ఇక్కడా ఒకటి ఉంది. సంచీ బరువు పిల్లల శరీర బరువులో పదో వంతుకు మించకూడదని కేంద్ర విద్యాశాఖ 2020 నాటి విధానం చెబుతోంది. ఆ వాక్యాన్ని వ్యాసంలో ఉటంకించి "అమలు చేయాలి" అని రాస్తే పని అయిపోదు. విధానం ఉందని ప్రధానోపాధ్యాయుడికి తెలుసు. అమలు చేయలేకపోవడానికి ఆయన దగ్గర కారణాలు ఉన్నాయి. వ్యాసం మాట్లాడాల్సింది ఆ కారణాలతో.

ఎవరితో మాట్లాడుతున్నాం

మహాభారతం ఉద్యోగపర్వంలో రాయబారానికి వెళ్లిన శ్రీకృష్ణుడు కౌరవసభలో ముందుగా మాట్లాడింది ధృతరాష్ట్రుడితో. దుర్యోధనుడు వినడని తెలుసు. విదురుడికి చెప్పనక్కరలేదు. నిర్ణయించే అధికారం ఉండి, మనసు అటూ ఇటూ ఊగుతున్నవాడే అసలు శ్రోత. ఒప్పించే వ్యాసానికీ అలాంటి పాఠకుడు ఒకరు కావాలి. "సమాజం", "ప్రభుత్వం", "మనమందరం" అన్నవి పాఠకులు కావు. వాటికి రాసిన మాట ఎవరికీ చేరదు.

సంచీ గురించి ప్రధానోపాధ్యాయుడికి రాస్తే అది టైంటేబుల్ గురించిన వ్యాసం అవుతుంది. తల్లిదండ్రులకు రాస్తే గైడ్లు, లావుపాటి లాంగ్ నోట్‌బుక్కులు, రాత్రే సంచీ సర్దుకునే అలవాటు గురించి అవుతుంది. జిల్లా విద్యాశాఖాధికారికి రాస్తే బడిలో మంచినీళ్లు, పుస్తకాలు దాచుకునే అరలు ముందుకు వస్తాయి. లీటరు నీళ్ల సీసా కిలో బరువు ఉంటుంది. బడిలో తాగదగిన నీళ్లు ఉంటే ఒక్క పుస్తకం తీయకుండానే ఆ కిలో దిగిపోతుంది. విషయం ఒకటే అయినా ఈ మూడు వ్యాసాలు మూడు దారుల్లో నడుస్తాయి. మూడింటినీ ఒకే కాగితం మీద కుక్కిన వ్యాసం ముగ్గురిలో ఎవరికీ పనికిరాదు.

పాఠకుడు తేలాక, చెప్పదలచిన మాటను పదును పెట్టాలి. దీనికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. వాక్యాన్ని తిరగేసి చూడాలి. "పర్యావరణాన్ని కాపాడాలి" అన్నదాన్ని తిరగేస్తే "పర్యావరణాన్ని పాడుచేయాలి" అవుతుంది. అలా అనేవాడు ఎవడూ ఉండడు కాబట్టి మొదటి వాక్యం వాదమే కాదు. "బడి సంచీ బరువు తగ్గించాలి" అన్నదీ అంతే. బరువు పెంచమనేవారు ఎవరు? అదే "మన బడిలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు రోజుకు నాలుగు సబ్జెక్టులకు మించకుండా టైంటేబుల్ మార్చాలి" అంటే, కాదనేవాళ్లు ఆ స్టాఫ్ రూములోనే కనిపిస్తారు. లెక్కల మాస్టారు వెంటనే లేస్తారు. అలా లేచేవారు ఒకరు ఉన్నప్పుడే వ్యాసానికి పని ఉంటుంది.

తూచి రాయడం

ఈ అంశం మీద మన దేశంలో వచ్చిన మాటల్లో బాగా పనిచేసినది రచయిత ఆర్.కె. నారాయణ్‌ది. రాజ్యసభకు నామినేట్ అయిన ఆయన తన తొలి ప్రసంగాన్ని బడి పిల్లల మోతకే కేటాయించారు. విద్యావ్యవస్థ గురించి సిద్ధాంతాలు చెప్పలేదు. పొద్దున నిద్ర లేపిన దగ్గర నుంచి ఒక పిల్లవాడి రోజు ఎలా గడుస్తుందో వర్ణించారు. సంచీ బరువుకు నడుము వంగి, చింపాంజీల్లా చేతులు ముందుకు వేలాడేసుకుని నడుస్తున్నారని చెప్పారు. విన్నవారు ఆ సాయంత్రం రోడ్డు మీద పిల్లలను చూస్తే ఆ పోలిక గుర్తురాక మానదు. తర్వాత ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన కమిటీ 1993లో భారం లేని చదువు గురించి నివేదిక ఇచ్చింది. సంచీ బరువు కంటే, అర్థం కాని చదువు మోయడం పిల్లలకు పెద్ద భారమని కూడా ఆ నివేదిక తేల్చింది. ఒక దృశ్యంతో మొదలైన మాట అంత దూరం వెళ్లింది.

విద్యార్థి చేతిలోనూ అలాంటి సాక్ష్యం ఉంది, కాకపోతే వెతకాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో సర్వే శాతాలను ఎక్కించడం కంటే, కిరాణా కొట్టు కాటా మీద సొంత సంచీ పెట్టి చూడటం ఎన్నో రెట్లు నయం. సోమవారం ఒకసారి, పీరియడ్లు తక్కువగా ఉండే శనివారం ఒకసారి తూచాలి. పుస్తకాలు తీసేసి ఖాళీ సంచీని విడిగా తూచాలి. ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకం ఎంత తూగుతుందో, దాన్ని రెండు భాగాలుగా ఇచ్చినప్పుడు ఎంత తూగుతుందో పోల్చాలి. నలభై కిలోల పిల్లవాడికి పదో వంతు అంటే నాలుగు కిలోలు. కాటా ఆరు చూపిస్తే ఆ అంకె ముందు "అధిక బరువు", "మోయలేని భారం" లాంటి మాటలన్నీ వెలవెలబోతాయి. ప్రధానోపాధ్యాయుడు కావాలంటే తానే తూచి చూసుకోవచ్చు. సరిచూసుకునే వీలున్న సాక్ష్యానికి ఉండే బలం మరి దేనికీ ఉండదు.

సాక్ష్యం దొరికాక దాన్ని వాదంగా అల్లే పద్ధతి మన తర్కశాస్త్రంలోనే తయారుగా ఉంది. న్యాయదర్శనం వాదానికి ఐదు అవయవాలు చెప్పింది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పు ఉంది, పొగ కనిపిస్తోంది కనుక, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది వంటింట్లో లాగా, ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, కాబట్టి కొండ మీద నిప్పు ఉంది. బడి సంచీకి ఇదే వరుస పెడితే ఎలా ఉంటుందో చూడవచ్చు. టైంటేబుల్ మార్చాలి అన్నది ప్రతిజ్ఞ. ఒకే రోజు అన్ని సబ్జెక్టులూ ఉండటం వల్లే బరువు హద్దు దాటుతోంది అన్నది హేతువు. సబ్జెక్టులు తక్కువగా ఉన్న శనివారం అదే పిల్లవాడి సంచీ తేలికగా తూగడం ఉదాహరణ. మిగతా ఐదు రోజుల్లోనూ సబ్జెక్టులు తగ్గిస్తే అదే జరుగుతుంది అన్నది ఉపనయం.

విద్యార్థుల వ్యాసాల్లో తరచుగా మాయమయ్యేది ఈ నాలుగోదే. ఫిన్లాండ్ బడుల గురించో జపాన్ పిల్లల క్రమశిక్షణ గురించో ఒక పేరా రాసి, అక్కడి నుంచి నేరుగా "కాబట్టి మనమూ అలా చేయాలి" అని దూకేస్తారు. అక్కడి సంగతి ఇక్కడికి ఎలా వర్తిస్తుందో చెప్పే వాక్యం ఉండదు. వంటింట్లో పొగ గురించి చెప్పి కొండ వైపు చూడటం మరిచిపోయినట్టు అవుతుంది. అందుకే దూరదేశపు ఉదాహరణ కంటే తన బడి శనివారమే విద్యార్థికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

హేతువుల్లాగా కనిపించి మోసం చేసేవాటిని తార్కికులు హేత్వాభాసలు అన్నారు. వాటిలో రెండింటిని గుర్తుపడితే చాలు, వ్యాసం చాలా శుభ్రపడుతుంది. ఒకటి, హేతువే రుజువు కాకపోవడం. "ప్రతి విద్యార్థీ పది కిలోలు మోస్తున్నాడు" అని తూచకుండా రాస్తే, ఒక్క సంచీ ఏడు కిలోలు తూగినా వ్యాసం మొత్తం మీద నమ్మకం పోతుంది. రెండోది, హేతువు ఒక చోట నిలవక తిరుగుతూ ఉండటం. "పిల్లలకు నడుం నొప్పి వస్తోంది కాబట్టి కారణం సంచీయే" అంటే, బల్ల ఎత్తు సరిపోకపోయినా, ఫోను మీద గంటల తరబడి వంగి కూర్చున్నా నొప్పి వస్తుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ పేరా కొట్టేయడమే మంచిది.

పూర్వపక్షం

ఒప్పించే వ్యాసానికి గుండెకాయ ఇది. పాత శాస్త్రకారులు తమ సిద్ధాంతం చెప్పే ముందు ప్రత్యర్థి వాదాన్ని పూర్వపక్షంగా నిలబెట్టేవారు, అదీ ప్రత్యర్థి కూడా అవునని తల ఊపేంత బలంగా. పిల్లల వ్యాసాల్లో పూర్వపక్షం అసలు ఉండదు. ఉన్నా "కొందరు మూర్ఖులు ఇలా అంటారు" అన్న ధోరణిలో ఉంటుంది. గడ్డిబొమ్మను నిలబెట్టి పడగొట్టడం వల్ల ఎవరూ మారరు. పైగా ఆ మాట నమ్మే పాఠకుడు తననే తిట్టారనుకుని అక్కడితో చదవడం ఆపేస్తాడు.

లెక్కల మాస్టారి అభ్యంతరాన్నే తీసుకుందాం. రోజూ సాధన లేకపోతే పిల్లలు లెక్కలు మరిచిపోతారని ఆయన అంటారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. నిజాయతీగా ఆలోచిస్తే విద్యార్థికే అది నిజమని తడుతుంది. అప్పుడు రోజుకు నాలుగే సబ్జెక్టులు అన్న తన కోరికను దిద్దుకోవాల్సి వస్తుంది. ఆ దిద్దుబాటు తర్వాత రాసిన పేరా ఇలా ఉండవచ్చు:

"లెక్కలు రోజూ చేయకపోతే పట్టు తప్పుతుందని మా మాస్టారు అంటారు. అది నిజం. సెలవుల తర్వాత మొదటి వారంలో మాకే ఆ సంగతి తెలుస్తుంది. అందుకే లెక్కల పీరియడ్‌ను కదిలించమని మేం అడగడం లేదు. సాంఘికశాస్త్రం, హిందీ మాత్రం రోజు విడిచి రోజు రెండేసి పీరియడ్లు కలిపి చెబితే, వారం మొత్తం మీద పీరియడ్లు తగ్గవు. ఆ రోజు మోసే పుస్తకాలు తగ్గుతాయి."

ఇందులో పనిచేసేది "అది నిజం" అన్న రెండు మాటలు. వాటి వెనకే "కానీ" రాలేదు. మాస్టారు చెప్పినది ఎందుకు నిజమో పిల్లలే తమ అనుభవంతో మరో వాక్యం చేర్చారు. తన మాట పూర్తిగా విన్నారని తెలిశాక మాస్టారు మిగతాది వినడానికి సిద్ధంగా ఉంటారు. ఆయన భయపడిన నష్టం జరగదని ఆ వెంటనే లెక్కతో చూపారు. ఎక్కడా ఆయనను ఓడించలేదు. వ్యాసం మొదట్లో ఉన్న కోరిక కొంచెం చిన్నదై, ఆచరణకు దగ్గరైంది. ప్రత్యర్థి మాట విన్నందుకు రాసేవాడి ఆలోచనే మెరుగుపడింది. ఒప్పించే వ్యాసం రాయడం వల్ల విద్యార్థికి దక్కే అసలు చదువు ఇదేనని చెప్పాలి.

న్యాయశాస్త్రం చర్చను మూడు రకాలుగా విడదీసింది. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడిని ఖండించడమే పనిగా చేసేది వితండ. వితండవాదం అన్న మాట ఇప్పటికీ మన ఇళ్లలో వినిపిస్తుంది. బడుల్లో జరిగే వక్తృత్వ పోటీలు ఎక్కువగా జల్పాన్నే నేర్పుతున్నాయి. అనుకూలం, ప్రతికూలం అని చీటీలు తీసి, ఎదుటి జట్టు మాటలో ఒక్క ముక్క కూడా ఒప్పుకోకూడదని తర్ఫీదు ఇస్తారు. వేదిక మీద చప్పట్లు దొరుకుతాయి. అదే అలవాటు కాగితం మీదికి వస్తే మాత్రం పాఠకుడు దూరమవుతాడు.

ఇక భాష. "యొక్క", "కావున", "ఎంతైనా ఉంది" తీసేస్తే వాక్యం ఊపిరి పీల్చుకుంటుంది. "ఘోరం", "దారుణం", "సిగ్గుచేటు" అన్నవి రాసేవాడి ఆవేశాన్ని చెబుతాయే తప్ప విషయాన్ని చెప్పవు. పద్యం ఉటంకిస్తే అలంకారంగా కాకుండా వాదంలో ఒక మెట్టుగా రావాలి. లేకపోతే వదిలేయడం మేలు.

పోటీ పరీక్షల్లోనూ ఈ పద్ధతే అక్కరకొస్తుంది. సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో వ్యాస పత్రానికి 250 మార్కులు. మూడు గంటల్లో ఒక్కొక్కటి 1000 నుంచి 1200 మాటల చొప్పున రెండు వ్యాసాలు రాయాలి, వాటిని తెలుగులోనూ రాయవచ్చు. గ్రూప్-1 మెయిన్స్‌లోనూ వ్యాస పత్రం ఉంది. అక్కడ పాఠకుడు పేరు తెలియని పరీక్షకుడు. అయినా అంశాన్ని చూడగానే రాయడం మొదలుపెట్టకుండా, మొదటి పది నిమిషాలు చిత్తు పేజీలో "దీన్ని కాదనే తెలివైన మనిషి ఏమంటాడు" అన్న ప్రశ్నకు మూడు జవాబులు రాసుకుంటే మేలు. మిగతా వ్యాసం ఎటు నడవాలో ఆ మూడు జవాబులే చెబుతాయి.

ముగింపు దగ్గర విద్యార్థులకు చెయ్యి జారే ప్రమాదం ఎక్కువ. అప్పటిదాకా కాటా మీద తూచి రాసినవారు కూడా చివరి పేరాలో "అందరం నడుం బిగిద్దాం" అనేస్తారు. పాఠకుడు ఇప్పుడేం చేయాలో చెప్పడమే ముగింపు పని. ఆ కోరిక ఎంత చిన్నదిగా, వెనక్కి తీసుకోగలిగినదిగా ఉంటే ఒప్పుకోవడం అంత సులువు. మన విద్యార్థి తన ప్రధానోపాధ్యాయుడికి ఇలా రాయవచ్చు:

"వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఒక్క ఎనిమిదో తరగతిలో ఈ టైంటేబుల్ పెట్టి చూడమని కోరుతున్నాం. నెల చివర మీ ఎదుటే సంచులు మళ్లీ తూచుతాం. బరువు తగ్గకపోయినా, ఏ సబ్జెక్టులోనైనా పాఠాలు వెనకబడినా పాత టైంటేబులే కొనసాగించండి. కొత్త టైంటేబుల్ ఈ కాగితం వెనక రాసి ఉంచాం."

ప్రధానోపాధ్యాయుడు కాగితం తిప్పి చూస్తారు.